గ్లాక్సీనియాకు మేనరికం

లాలాగూడ గ్లాక్సీనియా పెంపకందార్ల సంఘం అధ్యక్షులు తాతారావుగారు తమ కుండీలోని ఊదా పువ్వుకు సంబంధం చూస్తున్నట్లు ప్రకటించినప్పుడు సభ్యులెవరూ నవ్వలేదు. నవ్వితే సభ్యత్వం పోతుంది.

గ్లాక్సీనియా దుంపనుంచి మొలిచే మొక్క. మఖమల్ ఆకులు, గంటలాంటి పువ్వు. ఈసారి ప్రదర్శనలో వెండికప్పు కొత్త హైబ్రిడ్‌కే. ఆ కప్పుకోసం తాతారావుగారు షోకేసులో చోటు ముందే ఖాళీ చేయించారు.

కుండీలూ దుంపలూ అమ్ముకునే నాకు తెలిసిన లెక్క ఒక్కటే: రెండు వేరు రకాలు కలిస్తేనే మూడోది. ఆయన కింది వాటాలో ఉండే మేబెల్ బాల్కనీనిండా ఎర్ర గ్లాక్సీనియాలు. చూపించాను.

"ఆ దుంప ఎక్కడిదో, ఎవరిచ్చారో! పువ్వుకైనా పుట్టుపూర్వోత్తరాలు ఉండొద్దటయ్యా?" అన్నారు.

చివరకు మేనరికం ఖాయమైంది. కాప్రాలో బావమరిది సత్యదేవ్ పెంచుతున్న మొక్కనుంచి పుప్పొడి స్టీలు డబ్బాలో, ఆటోలో, ఊరేగింపుగా వచ్చింది.

"మా తమ్ముడి మొక్క మన ఆకు నాటితే వచ్చిందేగదండీ! నేనే ఇచ్చాను," అన్నది ఆయన భార్య లీలాకుమారి.

"అందుకేగా తెలిసిన సంబంధం అంటున్నాను!"

సుముహూర్తాన తాతారావుగారి బాల్కనీలో కుంచెతో పుప్పొడి అద్దారు. సంఘం అక్షింతలు చల్లింది. ఆ తాకిడికి రెండు పువ్వులు రాలి కింద పడ్డాయి. మౌనం పాటించారు.

గింజలు మొలిచి, పూశాయి. అదే ఊదా. అణువంత తేడా లేదు.

"మిత్రులారా!" అన్నారు అధ్యక్షులు ప్రదర్శన సభలో. "ఇంత సంకరం చేసినా వంశం చెక్కుచెదరలేదు. ఇది మన విజయం!"

చప్పట్లు మోగాయి. కప్పు మాత్రం మేబెల్‌కు వెళ్లింది. ఆమె పువ్వు ఎరుపు, అంచు ఊదా.

"మీ పువ్వే సార్, రాలి మా బాల్కనీల పడ్డది. ఊకె పోనిచ్చుడెందుకని దాని పుప్పొడి మా ఎర్రదానికి అద్దిన," అన్నది మేబెల్. "జెర పరేషాన్ గాకుండ్రి. వచ్చి కప్పు పట్టుకోండ్రి. మీరు సుత వియ్యంకులే గద!"

ఫొటోలో కప్పు పట్టుకున్న చేతులు తాతారావుగారివే. ముఖం మాత్రం అటు తిప్పుకున్నారు.

మేబెల్ ఆ మొక్క ఆకులు నాటి, దుంపలు కట్టించి నా కొట్టుకు పంపింది. సంఘమంతా ఎగబడింది. ప్రతివారూ నా చెవి దగ్గర నోరు పెట్టి అడిగే ప్రశ్న ఒక్కటే: "మనవాళ్ల రకమేనా?"

వ్యాపారి నోటినుంచి కాదన్న మాట రాకూడదు. ప్రతి కుండీకీ కొన్నవారి ఇంటిపేరే చీటీమీద రాసి అతికించాను. తాతారావుగారిది అన్నిటికన్నా పెద్ద చీటీ.

నవ్వుకున్నారు కదా, మీకూ ఒకటి తీసి ఉంచాను. ఇంటిపేరు చెప్పండి.