మహారాణికి మెరుగు

శ్రీవారు తన పాత కారును "మహారాణీ" అని పిలుస్తారు. భార్యను "ఇదిగో" అని పిలుస్తారు. ఆ సంసారం గురించి ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

శ్రీమతి లైసెన్సు తెచ్చుకుని ఎనిమిదేళ్లయింది. స్టీరింగు మాత్రం ఇంకా చేతికి రాలేదు. ఒకరోజు క్లచ్చు బిగుతుగా ఉందనేవారు శ్రీవారు. ఇంకోరోజు వాన వచ్చేలా ఉందనేవారు. ఏమీ తోచనిరోజు "కొత్త చెయ్యి కదా, మహారాణి బెదురుతుంది" అనేవారు. తాళంచెవి ఆయన జేబు దాటి ఎరగదు.

ఇంతలో శ్రీమతికి లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు పదింటికల్లా సంతకం పెట్టాలి.

"నేను దింపుతాగా!" అన్నారు శ్రీవారు. లైబ్రరీ గేటు ముందు మహారాణి తళతళలాడుతూ ఆగుతుంది, అందరూ తలలు తిప్పి "ఆ బండి ఎవరిదండీ?" అంటారు, తాను అద్దం దించి చిన్నగా నవ్వుతారు. వారంరోజులుగా కళ్లు తెరుచుకునే ఈ కల కంటున్నారు. అందుకే గుట్టుచప్పుడు కాకుండా పాలిషింగ్ మెషీను కొన్నారు.

చిక్కల్లా ప్లగ్గు దగ్గర వచ్చింది. కాపురం మూడో అంతస్తులో, కారు వీధిలో. కింది వాటా ఫ్యూజు తాతగారిని అడిగితే, "ఫ్యూజు పోతుందేమోనని నా ప్లగ్గులో నా మిక్సీనే భయపడుతూ పెడతాను బాబూ" అని తలుపేసుకున్నారు.

శ్రీవారు ఊరుకుంటారా? బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ డబ్బా పట్టుకొచ్చారు. ఆ ఉదయం దాన్ని కారు బ్యాటరీకే తగిలించి, తీగలు బయటికి లాగి, బానెట్టు మెల్లగా వాల్చారు. పెట్రోలు దండగని ఇంజను ఆపే ఉంచారు.

అప్పుడే శ్రీమతి పొద్దుటి నడక ముగించుకుని వచ్చింది. నెల్లాళ్లుగా రోజూ వెళ్తోంది, ఒంటిమీద చెమటచుక్క కనబడదు.

"బ్యాటరీ అయిపోదుటండీ?"

"సముద్రంలో చెంబు ముంచితే సముద్రం అయిపోతుందా?"

"సరే, తొమ్మిదింబావుకి దిగుతాను. ఆలోగా మీ సముద్రం ఎండకుండా చూసుకోండి."

మెషీను గుండ్రంగా తిరిగేకొద్దీ ఆకాశం బానెట్టు మీదికి దిగివచ్చింది. ఒక తెల్లమబ్బు నెమ్మదిగా ఈదుతూ హెడ్‌లైటు దాకా వచ్చింది. అది చెదిరిపోతుందేమోనని శ్రీవారు దాని చుట్టూ జాగ్రత్తగా తిప్పారు. ఎక్కడో పిట్ట కీచుకీచుమంది. ఆ కూతకు తల ఊపుతూ వెనక్కి వెళ్లి డిక్కీకి కూడా మెరుగు పెట్టారు. పిట్ట కూస్తూనే ఉంది. కాసేపటికి పిట్టా ఆగింది, మెషీనూ ఆగింది.

శ్రీమతి దిగేసరికి శ్రీవారు డబ్బా, తీగలు తీసేసి స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పుతున్నారు. మహారాణి "టిక్" అంది. మళ్లీ తిప్పితే అదీ అనలేదు. కూసింది పిట్ట కాదని, బ్యాటరీ అయిపోతోందని డబ్బా మొత్తుకుందని ఆయనకు అప్పుడు వెలిగింది.

"ఫ్యూజు పోయిందా బాబూ?" అన్నారు తాతగారు కిటికీలోంచి, సంతోషంగా.

"తొయ్యాలి. ఇదిగో, నువ్వు కాస్త వెనక..."

"ఇస్త్రీ బట్టల్తో నేను తొయ్యాలా? లేవండి! సెకండ్ గేరేసి క్లచ్చు నొక్కిపెడతాను. వేగం అందుకోగానే వదుల్తాను. ఊఁ, తొయ్యండి!"

ఆశ్చర్యపోవడానికి వ్యవధి లేదు. మెరుగు పెట్టిన డిక్కీ మీద రెండు అరచేతులూ ఆనించి శ్రీవారు బలమంతా పెట్టారు. మహారాణి దగ్గింది, ఉలిక్కిపడింది, పరుగందుకుంది.

"ఆపు! నేనెక్కాలి!"

"ఆపితే మళ్లీ ఆగిపోతుందండీ!"

మలుపు దగ్గర ఇండికేటరు వేసి మరీ తిరిగింది. ఆ కారుకు ఇండికేటరు పనిచేస్తుందని వీధివాళ్లకు ఆరోజే తెలిసింది.

శ్రీవారు మెట్లమీద కూలబడ్డారు. శ్రీమతి వేళకు అందుకుందో లేదో, తన పిచ్చి సరదా ఆమె మొదటిరోజు పాడుచేసిందేమోనని రోజంతా మనసు పీకుతూనే ఉంది. మహారాణికి గీత పడుతుందేమోనన్న ఊహే రాలేదు.

సాయంత్రం కారు ఒక్క ఊపులో వచ్చి గోడపక్కన ఆగింది.

"అందుకున్నావా?"

"పది నిమిషాలు ముందే. గేటు దగ్గర అందరూ అడిగారండీ, ఆ బండి ఎవరిదని."

"ఏం చెప్పావు?"

"నాదేనన్నాను."

"ఇంత బాగా ఎప్పుడు నేర్చావు?"

"నెల్లాళ్లు నడకకి వెళ్లానుగా, డ్రైవింగ్ స్కూలు దాకా."

"మరి తాళంచెవి..."

"బ్యాటరీ మళ్లీ నిండాలంటే రోజూ దూరం నడపాలట, మెకానిక్ చెప్పాడు. మా లైబ్రరీ బోలెడు దూరం." తాళంచెవి ఆమె సంచీలో గలగలమంది.

"మరి నేనేం చెయ్యను?"

"తలుపులు నాలుగూ అలాగే ఉన్నాయిగా, గుడ్డతో రుద్దండి. దానికి ప్లగ్గక్కర్లేదు," అంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

డిక్కీ మీద ఆయన అరచేతుల ముద్రలు రెండూ స్పష్టంగా ఉన్నాయి. వాటి మధ్య సాయంకాలపు మబ్బు ఎర్రగా కదులుతోంది. చాలాసేపు దాన్నే చూశారు. గుడ్డకోసం పైకి "ఇదిగో" అని కేకేయబోయి ఆగారు.

"మహారాణీ!" అన్నారు.

కారు పలకలేదు.

"ఆఁ, ఏమిటండీ?" అంది శ్రీమతి, మూడో అంతస్తు నుంచి.