వేపాకు చూసి వెనుదిరిగిన డాక్టరు

ఆదివారం సాయంత్రంలోగా ఇరవైమంది పిల్లలకు అమ్మవారి టీకా వేసి, ప్రొఫెసర్ ద్వారకనాథ్ గారి సంతకం తీసుకోవాలి. తిరుత్తణి పక్క పల్లెలో పోస్టింగు పడిన మెడికల్ విద్యార్థి శివప్రకాశం ఆ ఉదయం వేసుకున్న ప్లాను అంతే. సంతకం పడకపోతే పోస్టింగు మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి, ఫైనల్ పరీక్ష ఆరు నెలలు వెనక్కి పోతుంది. దేశంలో మశూచి పోయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటున్న డెబ్భై ఆరో సంవత్సరమది.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన ఈ తెలుగు కుర్రాడికి ఇక్కడి ఆచారాలు బొత్తిగా తెలియవు. అందుకే ప్రొఫెసరు గారి పాఠం పొల్లుపోకుండా రాసుకున్నాడు. సూది కంటే ముందు జనం ఆచారం నేర్చుకోవాలి. గుమ్మానికి వేపాకు కట్టి ఉంటే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. చెప్పులు విప్పాలి, గడప దాటకూడదు, సెలవు తీసుకుంటూ ‘పోయొస్తాను’ అనకూడదు. అలా అంటే అమ్మవారు మళ్ళీ వస్తుందట.

మొదటి ఇల్లు వజ్రమ్మది. టీకా వేస్తే పిల్లలకు జ్వరమొస్తుందని, వద్దని చెప్పడానికే ఆమె వాకిట్లో కాచుకుని నిలబడింది. గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి. శివప్రకాశం చెప్పులు విప్పి, దండం పెట్టి, నోరు మెదపకుండా వెనక్కి నడిచాడు. పక్కింటికీ వేపాకే. ఆ పైయింటికీ అంతే. పదిహేడు గుమ్మాలు లెక్కపెట్టాడు. పరిగెత్తి, సెలవురోజు పోస్టాఫీసు తలుపు తీయించి, వీధంతా అమ్మవారేనని ప్రొఫెసరు గారికి ఫోను కొట్టాడు.

ఇక్కడ వజ్రమ్మ సంగతి వేరు. అమ్మవారున్న ఇంటి ముందు చేసే మర్యాదలన్నీ ఈ డాక్టరు తన ఇంటి ముందు చేశాడు. అంటే తన కంటికి కనబడనిదేదో అతని కంటికి కనబడింది! మనవడి చొక్కా విప్పి ఒళ్ళంతా తడిమింది. పొక్కు లేదు. ఎదురింటామె కూడా తన పిల్లలను తడుముతోంది. మధ్యాహ్నానికి మద్రాసు నుంచి ప్రొఫెసరు గారి జీపు దుమ్ము రేపుకుంటూ దిగింది. ఇంకేముంది, వీధికి వీధే పిల్లలను చంకనేసుకుని టీకాకు వరస కట్టింది.

శివప్రకాశం టీకాలు వేస్తూనే ఉన్నాడు. ద్వారకనాథ్ గారు జబ్బు మనిషి కోసం ఇల్లిల్లూ వెతికారు. ఎవరింట్లో అంటే అందరూ పక్కిల్లు చూపించేవారే. చివరికి వరసలో ఇరవయ్యో చోట, మనవడితో ఉన్న వజ్రమ్మ ద్వారకనాథ్ గారినే అడిగేసింది.

“దాచొద్దయ్యా. మా ఇంట్లో అమ్మ ఎవురి మిందికొచ్చింది?”

“అది నేనడగాలమ్మా. వేపాకు కట్టింది మీరు కదా?”

“ఆడి నెల ఆదివారం, అమ్మకు పండగ గదయ్యా. గుడికాడ అంబలి పోస్తాం, ఇంటింటికీ వేపాకు కడతాం. ఈ పిల్లోడు దండం పెట్టి, పోయొస్తాననకుండా ఎల్లిపోయినాడు. దానికి గదా మా పానాలు పోయినాయి!”

“నోట్సులో ఆడి నెల లేదు సార్,” అన్నాడు శివప్రకాశం.

ప్రొఫెసరు గారి ముఖం మాడిపోయింది. అమ్మవారు లేనప్పుడు టీకా మాత్రం ఎందుకని వజ్రమ్మ మనవణ్ణి ఇంటికి తీసుకుపోయింది. పందొమ్మిది దగ్గరే ఆగింది లెక్క. పందొమ్మిదికి సంతకం పెట్టనని ద్వారకనాథ్ గారు కచ్చితంగా చెప్పేశారు. శివప్రకాశానికి ఏడుపొక్కటే తక్కువ.

పండగపూట వచ్చిన మనిషి ఊరికే పోకూడదని వజ్రమ్మ ప్రొఫెసరు గారిని పిలిచి చెంబుడు అంబలి ఇచ్చింది. ఆయన చెప్పులు విప్పి, వాకిట్లోనే తాగారు. సెలవు తీసుకోబోతూ తలపైకెత్తి చూస్తే వేపాకు. పోయొస్తాననాలా, అనకూడదా? ఇన్నేళ్ళుగా తాను చెబుతున్న పాఠం మీద ఆయనకే నమ్మకం పోయింది. నోరు తెరిచి, మూసి, ఎందుకైనా మంచిదని దండం పెట్టి మౌనంగా జీపెక్కారు.

జీపు స్టార్టయ్యేలోపే వజ్రమ్మ మనవణ్ణి ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చింది. శివప్రకాశం ఇంకేమీ అడగలేదు, టీకా వేసేశాడు.

బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేసిన ద్వారకనాథ్ గారికి, ఆ ఇరవయ్యో టీకా ఎందుకు పడిందో మద్రాసు చేరేదాకా అర్థం కాలేదు.