డల్సీకి వయసు చాలలేదు

న్యూఫౌండ్‌లాండ్‌లోని ఆ చేపలరేవులో ఎలీజర్‌ని అందరూ ఇంజను ఎలీజర్ అనేవారు. ఆయన మాట మొదలుపెడితే ఆపడానికి ఇద్దరు మనుషులు కావాలని ప్రతీతి. మోకాళ్ళు మొరాయించి పడవ అమ్మేశాక ఆ ఇంజనూ ఆగిపోయింది. ఇప్పుడు పొద్దస్తమానం వంటింట్లో కూర్చుని, పడవలోంచి ఊడదీసి తెచ్చుకున్న రేడియోలో ఇతర పడవలవాళ్ళ కబుర్లు వింటూంటాడు.

ఆయన లెక్కలో మాత్రం జబ్బు భార్య డల్సీది. ఆవిడ నిద్రపోవడం లేదు, తినడం లేదు, మాట్లాడటం బొత్తిగా మానేసింది. పెద్దవాళ్ళకు దిగులు పట్టుకుంటే ఇంటికే వచ్చి చూసే నర్సు ఉందని విని, ఆవిడకు చెప్పకుండా ఫోను చేశాడు.

"ఆవిడ వయసెంతండీ?"

"అరవై మూడు."

"అరవై అయిదు నిండితేగానీ రాలేమండీ. మీకెంత?"

"డెబ్భై ఒకటి."

"మీకైతే వస్తాం."

ఎలీజర్ బుర్ర చురుగ్గా పనిచేసింది. తన పేరే రాయించాడు. డల్సీ లక్షణాలు తనవని చెప్పి, నర్సు చెప్పే చిట్కాలన్నీ గుట్టుగా డల్సీ మీద ప్రయోగిద్దామని పథకం.

నర్సు గ్లెండా వచ్చి తలుపు తట్టింది. ఆ ఊళ్ళో అందరూ నేరుగా లోపలికి వచ్చేస్తారు, తలుపు తట్టి వచ్చేది పోలీసులే. డల్సీ గరిటతో సహా పరుగెత్తుకొచ్చి, నర్సు ఎలీజర్ కోసం వచ్చిందని విని, మొగుణ్ణి ఎగాదిగా చూసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

"నిద్ర పడుతోందా?" అనడిగింది గ్లెండా.

"ఎక్కడా? మూడింటికే లేచి కూర్చుంటా."

"రెండింటికి," అంది డల్సీ వెనక్కి తిరక్కుండానే.

"ఆకలి?"

"కాడ్ చేప వండినా సగం వదిలేస్తా."

"సగం కాదమ్మా. ముక్కలన్నీ పిల్లికే," అంది డల్సీ.

"ఎవరితోనైనా మాట్లాడతారా?"

ఇక్కడ ఎలీజర్‌కి డల్సీ ఏం చేస్తుందో గుర్తు రాలేదు. నోటికొచ్చింది చెప్పేశాడు. "రేడియో వింటా. పడవలవాళ్ళు ఎవర్నో పిలిస్తే నన్నేనేమో అనుకుంటా. ఏడాదైంది, ఎవరూ పిలవలేదు."

డల్సీ పొయ్యి కట్టేసింది.

"అబ్బే, ఇదంతా నాది కాదండీ," అన్నాడు కంగారుగా. "ఆవిడ జబ్బే నా పేరు మీద చెబుతున్నా. ఆవిడకు వయసు చాలలేదు."

"నాకా జబ్బు?" అంది డల్సీ. "రాత్రుళ్ళు నువ్వు తిరుగుతుంటే ఆ చప్పుడికి లేస్తున్నా. నువ్వు తినకపోతే నాకు ముద్ద దిగట్లేదు. పలకరిస్తే చెయ్యెత్తి, ఉండవే, రేడియో అంటావు. ఇంకెవరితో మాట్లాడమంటావయ్యా?"

ఎలీజర్ చెయ్యి చాచి రేడియో కట్టేశాడు. పడవ అమ్మేశాక అది మొదటిసారి.

"మీకు అన్ని అర్హతలూ ఉన్నాయి ఎలీజర్ గారూ," అంది గ్లెండా. "మీరు ఒప్పుకుంటే ప్రతి గురువారం వస్తా."

"ఆవిడ కూడా కూర్చోవచ్చా? వయసు..."

"కూర్చోవడానికి వయసుతో పనిలేదండీ," అంటూ గ్లెండా ఒప్పుకోలు కాగితం, కలం బయటికి తీసింది.

"పెళ్ళినాడు కూడా ఇంత ఆలోచించలేదు ఈయన. ఆ కలం ఇలా ఇవ్వమ్మా," అని డల్సీ కలం అందుకుని ఆయన వేళ్ళ మధ్య పెట్టింది. ఎలీజర్ సంతకం చేశాడు.

గ్లెండా బూట్లు తొడుక్కుంటుంటే ఆయన మెల్లిగా అడిగాడు. "గురువారం దాకా ఎందుకమ్మా, రేపు రాకూడదూ?"

"రేపు నేనున్నాగా," అంది డల్సీ.

ఎలీజర్ సిగ్గుపడుతూ ఆవిడ కోసం పక్కనున్న కుర్చీని తన దగ్గరికి లాగాడు.