విశ్వేశ్వరం నోటికి ఇరవై బటన్లు

మండల కార్యాలయంలో పనిచేసే విశ్వేశ్వరం, సరదాగా ఆటలాడుకుందామని కొన్న గేమింగ్ కీప్యాడ్‌ని ఇంట్లో కంప్యూటర్‌కి తగిలించగానే, తెర మీద మౌస్, ప్రింటర్ పేర్ల కింద అతని నోరు కూడా కనిపించింది. దేనికి జోడించమంటారని సాఫ్ట్‌వేర్ అడిగితే నోటినే ఎంచుకున్నాడు. ప్రింటర్ ఎలాగూ పనిచేయదు.

కీప్యాడ్ అరచేతంత ఉంటుంది, దాని మీద ఇరవై బటన్లు. ఏ బటన్‌కి ఏ మాట కావాలంటే ఆ మాట పెట్టుకోవచ్చని డబ్బా మీద రాసుంది. నొక్కితే నోరు ఆ మాట అనేస్తుంది, మనిషికి శ్రమ ఉండదు. ఇంటి మాటలకి పచ్చలైటు, ఆఫీసు మాటలకి ఎర్రలైటు పెట్టుకుని, రోజూ క్యారేజీతో పాటు దాన్నీ సంచీలో వేసుకెళ్ళేవాడు. ఆఫీసుకి ఇరవై బటన్లు ఏ మూలకొస్తాయని మొదట దిగులు పడ్డాడు గానీ, తీరా చూస్తే నాలుగింటితో ఉద్యోగమంతా గడిచిపోయింది: "సారు మీటింగులో ఉన్నారు", "సర్వర్ పనిచేయట్లేదు", "జిరాక్సు పెట్టలేదు", "రేపు రండి". మరీ బోసిగా ఉందని, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కసారి అన్న మాట వెతికి, ఇంకో బటన్‌కి "మీ పనైపోయింది, కాగితం తీసుకెళ్ళండి" అని పెట్టాడు. అది ఉత్త అలంకారానికే.

చిక్కంతా ఎడమచేతితో వచ్చింది. ఇలాంటి కీప్యాడ్లు ఎడమచేతికే చేస్తారు. కౌంటర్ దగ్గర నిలబడ్డ నూకరాజు అనే రైతు, విశ్వేశ్వరం ఎడంచేత్తో "రేపు రండి" నొక్కడం చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"రేపు రమ్మంటే వత్తానండీ, ఏడాదిగా వత్తానే ఉన్నాను. శుభమా అని పొలం కాయితానికొత్తే ఎడంచేత్తో రమ్మంటారేటండీ?"

తహసీల్దారు గారికి ఇది న్యాయంగా తోచింది. ప్రజలకిచ్చే జవాబులన్నీ కుడిచేత్తోనే ఇవ్వాలని ఆ సాయంత్రమే ఉత్తర్వు వేశారు. విశ్వేశ్వరం కీప్యాడ్‌ని కుడిచేతికి అనువుగా అటుదిటు తిప్పి పెట్టుకున్నాడు. దాంతో పై బటన్లు కిందికీ, కిందివి పైకీ పోయి, మర్నాడు నూకరాజుకి "రేపు రండి" నొక్కబోయి పనైపోయిందని అనేశాడు. నోరుజారిన మాట వెనక్కి రాదు కదా, కాగితం ఇవ్వక తప్పలేదు. ఆఫీసు అట్టుడికిపోయింది. విచారణ జరిపి ఆ బటన్ ఊడబీకించారు. మంచి పనే చేశారు, ఒకరికిస్తే అందరూ అడుగుతారు.

ఇంట్లో ఏ చెయ్యయినా ఫరవాలేదు. భార్య గంగాభవాని ఏదైనా చెబుతుంటే "ఊ" నొక్కుతూ పేపరు చదువుకునేవాడు. ఆవిడ కొత్తలో కాస్త వింతగా చూసి, తర్వాత చూడ్డం మానేసింది.

ఓ సాయంత్రం కూర తరుగుతున్న భవాని కత్తిపీట పక్కకి జరిపింది.

"ఏవండీ, నా మెడ దగ్గర గడ్డకి పరీక్ష చేశారు కదా, రేపు రిపోర్టు ఇస్తారట. మీరూ రాకూడదూ? నాకు భయంగా ఉంది."

విశ్వేశ్వరం పేపరు పక్కన పెట్టాడు. వేలు మాత్రం తన మానాన తాను "చూద్దాం" నొక్కేసింది. అతనికి నిజంగానే సిగ్గేసింది. గబగబా కంప్యూటర్ ముందు కూర్చుని, ఓ ఖాళీ బటన్‌కి "నేనొస్తాను, భయపడకు" అని పెట్టబోయాడు. సాఫ్ట్‌వేర్ మర్యాదగానే జవాబిచ్చింది: ఈ నోరు ఇదివరకు ఒక్కసారైనా అన్న మాటలనే బటన్‌కి పెట్టగలం. మీ పెళ్ళినాటి నుంచీ వెతికాం. దొరకలేదు.

ఇక లాభం లేదని వైరు పీకి పారేశాడు. వెళ్ళి భార్య ఎదురుగా నిలబడ్డాడు. బలవంతాన నోరు తెరిచాడు. అది తనంతట తానే "చూద్దాం" అంది.

భవాని కోప్పడలేదు. కింద పడున్న వైరు తీసి, పైటచెంగుతో దుమ్ము తుడిచి, అతని చేతిలో పెట్టింది.

"తగిలించుకోండి. లైటైనా వెలుగుతుంది."

మర్నాడు ఆవిడ పక్కింటి సరోజినిని తోడు తీసుకుని ఆటో ఎక్కింది. సరోజిని కూడా ఆస్పత్రికి వెళ్ళాల్సొస్తే భవానినే తోడు తీసుకెళ్తుంది. వాళ్ళాయన ఇంకా కీప్యాడ్ కొనలేదు.