హక్కుల మీద కూర్చున్న పిల్ల

తల్లిదండ్రులకు హక్కులుండాలి. కాకపోతే అవి చదవడానికి వీల్లేకుండా ఉండాలి! కోప్పడకండి, బాగా ఆలోచించే చెబుతున్నాను.

మా పెన్సిల్వేనియాలో ప్రత్యేక సాయం అందుకునే పిల్లల చదువులో బడివాళ్లు ఏం మార్చాలన్నా ఇంటికి ముందుగా నోటీసు రావాలి. దాంతోపాటు హక్కుల పుస్తకం! నలభై పేజీలు, చీమ తలకాయంత అక్షరాలు. నిద్రపట్టనివాళ్లు ఇంక మందుల షాపుకు పోవడం దేనికి?

మా ఎదురింటి డోరీన్ వోజ్నియాక్ బేకరీలో పని చేస్తుంది. ఆమె కూతురు మార్లీకి ఎనిమిదేళ్లు, వయసుకు పొట్టి, మాట నత్తి. బడిలో వారానికి రెండు స్పీచ్ క్లాసులున్నాయి, మాట సరిచెయ్యడానికి. మీటింగ్ పెట్టినప్పుడల్లా డోరీన్ చేతిలో ఓ పుస్తకం పెట్టి, ముట్టినట్టు సంతకం తీసుకుంటారు. అలా తొమ్మిది పోగయ్యాయి. ఆమె ఏనాడూ మూడో పేజీ దాటిన పాపాన పోలేదు. పారెయ్యడానికి మనసొప్పక, భోజనాల బల్ల అందని మార్లీ కుర్చీలో వాటిని దొంతరగా వేసింది. పిల్లను ఇంత ఎత్తున కూర్చోబెట్టిన చదువు ఇంకోటి చూపించండి!

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. మార్లీ చక్కగా మెరుగుపడిందట, స్పీచ్ క్లాసులు ఇక అక్కర్లేదట. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టేనట. మౌనం అర్ధాంగీకారమన్నారు పాతకాలంవాళ్లు. సగంతోనే సరిపెట్టుకున్న అమాయకులు! మా బడివాళ్లు దాన్ని పూర్తి అంగీకారం చేసేశారు.

అది ఈస్టర్‌కు ముందొచ్చే లెంట్ ఉపవాసాలు మొదలయ్యే ముందు వారం. ఊరంతా పాంచ్కీల కోసం, అంటే లోపల జామ్ పెట్టి నూనెలో వేయించిన బూరెల కోసం, బేకరీ ముందు బారులు తీరి ఉంటుంది. డోరీన్ ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్‌కు అంటించి మరిచిపోయింది.

ఎనిమిదో రోజు సాయంత్రం మార్లీ ఏదో ఒకటి పైకి చదవాలి, అది రోజూ ఇచ్చే హోంవర్క్. కథల పుస్తకం బడిలోనే ఉండిపోయింది. అందుకని తను కూర్చున్న దొంతర నుంచి ఓ హక్కుల పుస్తకం లాగింది.

"త... తల్లి ఒప్... ఒప్పుకోనని రాసి, వి... విచారణ కోరితే, అది తేలేదాకా పా... పాత ఏర్పాటే..."

పిండి చేతులతోనే డోరీన్ ఇటు తిరిగింది. "ఏదీ, మళ్లీ చదువు."

"త... తప్పు చదివానా?"

"లేదు బంగారూ. ఇంత బాగా ఇంతవరకూ ఎవరూ చదవలేదు. మెల్లిగానే కానీ."

ప్రతి మాటా రెండేసి సార్లు వినబడితే ఎవరికి అర్థం కాదు చెప్పండి?

మర్నాడే తల్లీకూతుళ్లు బడి ఆఫీసుకు వెళ్లారు. అధికారి హాలోరన్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"హక్కులన్నీ తెలుసుగా డోరీన్ గారూ? తొమ్మిది సంతకాలున్నాయి మీవి."

"సంతకాలు నావే సార్. చదివింది మాత్రం ఈ పిల్ల. ఒక్క వాక్యం వినండి."

మార్లీ మొదలుపెట్టింది. హాలోరన్ గడియారం చూశాడు. పిల్ల 'వి' దగ్గర ఆగింది.

"విచారణ," అని అందించాడు.

మార్లీ వాక్యం మొదటికి వెళ్లింది. మళ్లీ ఆగింది. మళ్లీ అందించాడు. మళ్లీ మొదటికి! నాలుగోసారి ఆయన నుదురు తుడుచుకున్నాడు.

"చక్కగా మెరుగుపడింది, క్లాసులు అక్కర్లేదని రాశారు కదా," అంది డోరీన్. "మరి మాటలు మీరెందుకు అందిస్తున్నారు సార్?"

ఫ్రిజ్ మీది ఉత్తరంలో 'ఒప్పుకోను', 'విచారణ కావాలి' అన్న రెండు గడుల్లోనూ గీత పెట్టి ఆయన ముందుకు తోసింది. విచారణ దాకా పోలేదు. క్లాసులు ఆగలేదు.

మా బడివాళ్లు గుణపాఠం నేర్చుకోలేదంటే ఊరుకోను! మన సౌకర్యం కోసమని ఈ ఏడాది నుంచి ఆ పుస్తకం కంప్యూటర్లోనే ఉంటుంది. కుర్చీలో వేసుకోవడానికి లేదు, హోంవర్క్‌కు చేతికి తగలదు. ముట్టినట్టు సంతకం మాత్రం కాగితం మీదే.

మొదట అన్న మాట నేను వెనక్కి తీసుకోను. ఒక్క చిన్న సవరణ. ఆ పుస్తకం రాసినవాళ్లు వచ్చి, డోరీన్ వంటింట్లో కూర్చుని, దాన్ని పైకి చదివి అర్థం చెప్పాలి. ఎక్కడ తడబడినా మార్లీ మాట అందించదట. వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా, ఎంతసేపైనా ఆగుతానంటోంది.