పెద్దాయన పోయాడా, పడుకున్నాడా

ఆ రోజు పొద్దున ప్రూఫ్‌రీడరు పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. మధ్యాహ్నం లోపు బడిపిల్లల భూగోళం పుస్తకం ప్రూఫులు దిద్దేయాలి. సాయంత్రం భార్యను పుట్టింటికి తీసుకెళ్ళాలి. అక్కడ బావమరిది ఎదురుపడితే సినిమా ఊసెత్తకుండా నోరు కట్టుకుని కూర్చోవాలి. మొదటి రెండూ చేతనైన పనులే. మూడోదాని గురించి, అతను చొక్కా గుండీలు పెట్టుకుంటుండగానే, భార్య హెచ్చరించింది.

"మీరిద్దరూ ఇంకోసారి ఆ సినిమా మాటెత్తారంటే నేను అక్కడే ఉండిపోతాను. అమ్మకి చెవుడు కాబట్టి మీ గోల పట్టదు. నాకా అదృష్టం కూడా లేదు."

గొడవంతా ఆదివారం నాటిది. బావా బావమరిదీ పక్కపక్క సీట్లలో కూర్చుని ఒకే సినిమా చూశారు. గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన కథ. సినిమాలో అందరూ ఆయన్ని పెద్దాయన అనే పిలుస్తారు. చివర్లో ఆయన కిటికీ పక్కన పడక్కుర్చీలో వాలి కళ్ళు మూసుకుంటాడు. ఒళ్ళో ఉన్న చెయ్యి జారి పక్కకు వేలాడుతుంది. తెర తెల్లబడిపోతుంది. పోయాడన్నాడు ప్రూఫ్‌రీడరు. నిద్రపోయాడన్నాడు బావమరిది. థియేటరు మెట్ల మీద సరదాగా మొదలైన మాట బస్సులో ముదిరింది. ఇల్లు చేరేసరికి ఒకరి చదువు గురించి ఒకరు, ఆ తర్వాత ఎప్పటిదో పెళ్ళిలో ఎవరు ఎవరికి మర్యాద తక్కువ చేశారనే దాని గురించీ మాట్లాడుకుంటున్నారు.

అసలు కారణం మాత్రం ఇద్దరూ నోరు విప్పి చెప్పలేదు. ప్రూఫ్‌రీడరు తండ్రి అచ్చం అలాగే కుర్చీలో పోయాడు. నిద్రపోతున్నాడనుకుని ఇంటిల్లిపాదీ రేడియో తగ్గించి, చీకటిపడేదాకా మునివేళ్ళ మీద తిరిగారు. కాళ్ళ మీద దుప్పటి కప్పింది కొడుకే. బావమరిది సంగతి వేరు. వాళ్ళమ్మ రోజూ మధ్యాహ్నం అలాగే కుర్చీలో నోరు తెరుచుకుని పడి ఉంటుంది. అతను పోయిందేమోనని వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెడతాడు. ఆవిడ కళ్ళు తెరిచి, నిద్ర చెడగొట్టావని విసుక్కుంటుంది. ఇవేవీ చెప్పుకోకుండా వాళ్ళిద్దరూ దర్శకుడి గురించీ, వెలుతురు గురించీ, సంగీతం ఉన్నట్టుండి ఎందుకాగింది అనే దాని గురించీ కొట్టుకున్నారు.

ప్రెస్సులో వేరే దిగులుంది. యజమాని ఆసుపత్రిలో పడ్డాడు. ప్రెస్సులో పనిచేసేవాళ్ళు ఆయన్నీ పెద్దాయన అనే అంటారు. మనిషి రోజురోజుకీ తగ్గిపోతున్నాడు. ముందు రోజు సాయంత్రం ప్రూఫ్‌రీడరు వెళ్ళి చూసొచ్చాడు. దిండు మీద తల ఉందో లేదో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ మాట ప్రెస్సులో ఎవరితోనూ అనలేదు. ఎవరడిగినా బాగానే ఉన్నారని చెప్పి ప్రూఫుల్లో తల దూర్చాడు.

టీ వేళకి ముందు ఫోను మోగింది. బావమరిది. సాయంత్రం అక్క ముందు మాట్లాడుకునే వీలుండదు కాబట్టి ఇప్పుడే తేల్చేసుకుందామని చేశాడట. ప్రూఫుల గదిలో సిగ్నలు అందదు. ప్రూఫ్‌రీడరు నడవాలోకి వచ్చాడు. పక్కనే మెషిన్లు దడదడమంటున్నాయి. అందుకని గొంతు పెంచాల్సి వచ్చింది.

"నీకెన్నిసార్లు చెప్పాలి? పెద్దాయన పోయాడు. నేను అక్కడే ఉన్నాను కదా. కళ్ళు మూసుకున్నాడు, చెయ్యి జారిపోయింది, అంతే. ఇంక నిద్రేమిటి?" అన్నాడు. అవతలివైపు ఏదో సుదీర్ఘంగా వినిపించింది. "సరే, ఈ మాట మన మధ్యే ఉండనీ. మీ అక్కకి అసలు తెలియనివ్వకు. ఇక్కడ కూడా ఎవరికీ తెలీదు. ముందే చెప్పేసి వాళ్ళకి ఉన్న కాస్త ఆశా చెడగొట్టడం ఎందుకు?"

చివరి మాట ప్రెస్సువాళ్ళ గురించే. వాళ్ళలో సగం మంది ఆ వారం ఆ సినిమాకే టిక్కెట్లు తీసుకున్నారు.

లోపల మెషిన్‌మాన్ చేతులు తుడుచుకుంటున్న గుడ్డ కింద పడింది. అతను పెద్దాయన దగ్గర పని నేర్చుకున్నవాడు. వెళ్ళి మెషిను ఆపేశాడు. పట్టపగలు ఆ మెషిను ఆగడం ఆ కట్టడంలో అంతవరకూ ఎవరూ ఎరగరు. బైండింగు గదిలో ఆడవాళ్ళు చేతిలో మడతపెడుతున్న అచ్చు ఫారాలతో అలాగే లేచి నిలబడ్డారు.

మెషిన్‌మాన్ తిన్నగా మేనేజరు గదికి వెళ్ళి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని సంగతి చెప్పాడు. మేనేజరుకి దుఃఖం కంటే ముందు అవమానం కలిగింది. ఇంత పెద్ద విషయం తన కంటే ముందు ఒక ప్రూఫ్‌రీడరుకి తెలియడమేమిటి? "నాకు పొద్దున్నే తెలుసు," అన్నాడు. ఆ ఒక్క మాటతో, ఇంకెవరినీ అడిగి తెలుసుకునే దారి తనే మూసేసుకున్నాడు. అయినా తలుపు వేసుకుని రహస్యంగా పెద్దాయన ఇంటికి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఆసుపత్రికి చేశాడు. ఆ పేషెంటుని ఇందాకే ఇంటివాళ్ళు తీసుకెళ్ళిపోయారనీ, బెడ్డు ఖాళీ చేసేశామనీ అక్కడి మనిషి చెప్పింది. ఆ మనిషి గొంతులో విచారం లేకపోవడం చూసి, రోజూ ఎన్ని చూస్తుందో పాపం అనుకున్నాడు మేనేజరు.

అక్కడి నుంచి పనులు చకచకా సాగాయి. ప్రెస్సు కాబట్టి పోస్టరుకి బయటికి వెళ్ళే పనిలేదు. పెద్దాయన ఫొటో ఒక్కటే దొరికింది. ఎవరిదో దుకాణం తెరిచినప్పుడు తీసింది. చేతిలో కత్తెర, ముఖం నిండా నవ్వు. కత్తెర కత్తిరించేద్దామనుకున్నారు గానీ దాంతో పాటు గడ్డం పోతోంది. మేనేజరు నాలుగు వాక్యాలు రాసి, అలవాటు ప్రకారం ప్రూఫుకి పంపించాడు.

ప్రూఫ్‌రీడరు దేశాల సరిహద్దులు దిద్దుతున్నాడు. ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది మెషిన్‌మానే. అక్కడే నిలబడ్డాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ప్రూఫ్‌రీడరు మొదట అక్షరాలు మాత్రమే చూశాడు. 'శ్రద్ధాంజలి'లో ఒత్తు తప్పింది, సరిచేశాడు. 'దివంగతులయినారని'లో ఒక అక్షరం ఎగిరిపోయింది, చేర్చాడు. ఆ తర్వాత ఫొటో కనిపించింది. నిన్న సాయంత్రం తన వేళ్ళు పట్టుకున్న మనిషి.

మేనేజరు గదికి పరుగెత్తి, ఎప్పుడు జరిగిందండీ అని అడిగాడు. మేనేజరు అతన్ని ఎగాదిగా చూశాడు.

"తెలియనట్టు అడుగుతావేంటయ్యా? దగ్గరుండి చూసినవాడివి నువ్వు."

అది తనకు తగలాల్సిన దెబ్బేననుకున్నాడు ప్రూఫ్‌రీడరు. నిన్న దగ్గరుండి చూసీ అంత దగ్గర పడిందని పసిగట్టలేకపోయాడు. ఇక్కడందరికీ బాగానే ఉన్నారని చెప్పాడు. మళ్ళీ దుప్పటి కప్పి వచ్చినట్టే అయింది. మెట్ల మీద కూర్చుని, తన తండ్రికి ఏడవని ఏడుపంతా అక్కడ ఏడ్చాడు. అది చూశాక ప్రెస్సులో ఎవరికైనా ఏమూలైనా అనుమానం ఉంటే అదీ తీరిపోయింది.

మధ్యాహ్నానికి వీధి మలుపు దాకా గోడల మీద కత్తెర పట్టుకున్న పెద్దాయన నవ్వుతున్నాడు. పక్క ప్రెస్సులవాళ్ళు వచ్చారు. కాగితాల వ్యాపారి వచ్చాడు. బైండింగు గదిలో బల్లలు జరిపి, కాగితపు కట్టల మీద ఫొటో పెట్టి, సంతాప సభ మొదలుపెట్టారు.

వ్యాపారి ముందు లేచాడు. పెద్దాయనంత మెత్తని మనిషిని తాను చూడలేదనీ, గట్టిగా ఒక మాటనేవాడు కాదనీ చెప్పాడు. బైండింగు ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మీతో మెత్తగానే ఉండేవారు, కాగితం ఇచ్చేది మీరు కదా, అంది వాళ్ళలో పెద్దావిడ. ఫారం వంకర మడిస్తే ఆయన అరుపు వీధి చివరికి వినిపించేదట. మేనేజరు కల్పించుకుని, అది కోపం కాదు శ్రద్ధ అన్నాడు. మెషిన్‌మాన్ లేచాడు.

"మా ఆవిడ ఆపరేషనుకి సెలవడిగితే ఇవ్వలేదు. అది నేను చచ్చినా మర్చిపోను. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఏమో. లోపలికి రాలేదు, నాతో మాట్లాడలేదు. లేచి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళూ అందరికీ సెలవివ్వలేదనే చెప్పాను. బెంచీ సంగతి ఇవాళే చెప్పడం."

సెలవు వద్దన్నది పెద్దాయన కాదు, తాను అని మేనేజరు ఎవరికీ వినపడకుండా అన్నాడు. అందరికీ వినపడింది. దాంతో గదిలో రెండు పక్షాలయ్యాయి. నవ్వేవాడన్నారు కొందరు. ఆయన పళ్ళెలా ఉంటాయో తెలీదన్నారు ఇంకొందరు. పాతికేళ్ళుగా చూసిన మనిషి గురించి, మొన్న చూసిన సినిమా గురించి కొట్టుకున్నట్టే కొట్టుకున్నారు. ప్రూఫ్‌రీడరుకి ఆదివారం గుర్తొచ్చింది. ఒకే హాలు, ఒకే తెర, ఒక్కొక్కరికీ ఒక్కో బొమ్మ. గొడవ సద్దుమణిగేలా లేదని, మేనేజరు గబగబా ఒక నిమిషం మౌనం పాటించమన్నాడు. అందరూ లేచి తలలు వంచారు.

తలలు ఎత్తేసరికి గుమ్మంలో పెద్దాయన ఉన్నాడు. భార్య భుజం పట్టుకుని, చొక్కాలో మనిషి లేనట్టు నిలబడి ఉన్నాడు. ఎవరూ అరవలేదు. వ్యాపారి మాత్రం నెమ్మదిగా కూర్చున్నాడు, వెనక కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా. కుర్చీ లేదు.

"మలుపు దగ్గర గోడ మీద చూశాను," అన్నాడు పెద్దాయన. "ఎవరు చెప్పారు?"

అందరూ మేనేజరుని చూశారు. మేనేజరు మెషిన్‌మాన్‌ని చూపించాడు. మెషిన్‌మాన్ ప్రూఫ్‌రీడరుని చూపించాడు. ప్రూఫ్‌రీడరు తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసుకున్నాడు. గోడ తప్ప ఏమీ లేదు. నడవా, ఫోను, బావమరిది, ఒక్కొక్కటే గుర్తొచ్చి అతని చెవులు వేడెక్కాయి.

"అది సినిమా అండీ," అన్నాడు.

ఉద్యోగం పోయినట్టేనని అందరికీ అర్థమైంది. అతనికి ఇంకా బాగా అర్థమైంది. ఆసుపత్రివాళ్ళు బిల్లు తేలేదాకా కింద కూర్చోబెట్టి ఇంటికి పొమ్మన్నారనీ, నయమై కాదనీ, ఇంక చేసేదేమీ లేకనీ, మెషిన్ల చప్పుడు ఒకసారి విందామని కారు ఇటు తిప్పించాననీ చెప్పాడు పెద్దాయన. వస్తే మెషిన్లు ఆగిపోయి ఉన్నాయి. మెషిన్‌మాన్ వెళ్ళి మీట వేశాడు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు.

ప్రూఫ్‌రీడరుని ఉండమన్నాడు పెద్దాయన. "ఆసుపత్రికి వచ్చిన ప్రతివాడూ బాగున్నారు, బాగున్నారు అన్నవాడే. పోయాననుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చినవాడివి నువ్వొక్కడివేనట. ఆ సినిమా ఏమిటో నాకు చూపించు."

తర్వాతి ఆదివారం బావా బావమరిదీ చెరో చెయ్యీ పట్టుకుని ఆయన్ని థియేటరు మెట్లెక్కించారు. అంతకు రెండు రోజుల ముందే ప్రూఫ్‌రీడరు బావమరిదికి జరిగిందంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ తండ్రి సంగతీ దుప్పటి సంగతీ కూడా చెప్పేశాడు. బావమరిది తన వేలు సంగతి చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరికీ వాదించడానికి నోరు రాలేదు. అయినా తీర్పు కావాలనే ఉంది. సినిమా అయిపోయి దీపాలు వెలిగాక, చెరోవైపు నుంచీ పెద్దాయన ముఖంలోకి చూశారు.

"ఆయన్ని నేను సరిగా చూడలేదు," అన్నాడు పెద్దాయన. "పక్కన స్టూలు మీద భార్య కూర్చుని ఉంది కదా, ఆమెనే చూస్తున్నాను. ఆమెకి తెలుసు. తెలిసీ, ఇంకాసేపు ఎవరినీ పిలవకుండా ఊరుకుంది."

బావా బావమరిదీ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళిద్దరికీ అక్కడ స్టూలు ఉన్నట్టే గుర్తులేదు, ఇక భార్య సంగతి చెప్పేదేముంది.

పెద్దాయన ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. ఈసారి కబురు ఇంటి నుంచే, ఆయన భార్య గొంతుతోనే వచ్చింది. మేనేజరు స్వయంగా వెళ్ళి చూసొచ్చాకే మెషిన్లు ఆపించాడు. కొత్త పోస్టరు వేశారు, కబుర్లు పంపారు, బైండింగు గదిలో బల్లలు జరిపి కుర్చీలన్నీ వేశారు. ప్రూఫ్‌రీడరూ బావమరిదీ ముందు వరసలో కూర్చుని, మిగతావాళ్ళ కోసం చాలాసేపు ఎదురుచూశారు.

సగం కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి. రానివాళ్ళని తర్వాత అడిగితే, తాము ఇంతకుముందే ఒకసారి వచ్చామని చెప్పారు.