పక్కకు ఒరిగిన యాంటెన్నా

మెర్వ్ టక్‌వెల్ నా నోటి దగ్గర కూడు లాక్కున్నాడు అని నేనంటే, మా ఆవిడ లొరీన్ "నువ్వే పళ్లెంలో పెట్టి ఇచ్చావు" అంటుంది. ఆవిడ మాట అలా ఉంచండి. మీరు విని చెప్పండి.

పెర్చ్ లేక్ కారవాన్ పార్కులో, అంటే జనం చక్రాల ఇళ్లు లాక్కొచ్చి సెలవులకి దిగే చోట, పద్నాలుగో నంబరు చోటు నాది. పదకొండేళ్లుగా నాది. సరస్సు అంచునే ఉంటుంది. ఆ పార్కు పద్ధతి ఏమిటంటే, పోయినేడు ఎవరు ఎక్కడ దిగారో ఈ ఏడూ అక్కడ మొదటి హక్కు వాళ్లదే. మేనేజరు గ్లెనిస్ లావుపాటి పుస్తకంలో పెన్నుతో రాస్తుంది. నీళ్ల వరుసలో పేరు ఎక్కించుకోవడానికి జనం ఎవరో ఒకరు పోయేదాకా కాచుకుని ఉంటారు.

టక్‌వెల్‌ది వెనక వరుస, ఇరవై తొమ్మిది. ఒకవైపు మరుగుదొడ్ల గోడ, ఇంకోవైపు చెత్త డబ్బాలు. ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే టీ కప్పు పట్టుకుని మా ముందు నుంచి నడుస్తూ "సరస్సు బాగుంది రస్" అంటాడు. ఆరేళ్లపాటు సరస్సు బాగుందనే మనిషిని ఎలా నమ్మేది?

ఈ ఏడు పాత కారవాన్ అమ్మి, ఇంకొకరు వాడిందే మరొకటి కొన్నాను. పాతదాని యాంటెన్నా మా బావమరిది బిగించాడు, నేనెప్పుడూ తలెత్తి చూడలేదు. దీనికేమో లోపల పిడి తిప్పితే కప్పు మీద లేచే యాంటెన్నా. శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ ఫైనల్. మా జట్టు ఫైనల్ ముఖం చూసి ఇరవై మూడేళ్లయింది. గురువారం టీవీ పెడితే ఆటగాళ్లు ఇటుకలు ఇటుకలుగా ఊడిపోతూ కనిపించారు. తల ఒక మూల, బూట్లు ఒక మూల.

లొరీన్‌ని టీవీ ముందు కూర్చోబెట్టి నేను వెనక గదిలో పిడి పట్టుకున్నాను.

"వచ్చిందా?"

"ముక్కొచ్చింది."

"ఇప్పుడు?"

"ముక్కూ పోయింది."

"ఇప్పుడో?"

"వాతావరణం చెప్పే అమ్మాయి వచ్చింది, నడుం దాకా. చాల్లే, అక్కడ ఆపెయ్."

కేబుల్ పీకి మళ్లీ గుచ్చాను. బూస్టరు మీట నొక్కి చూశాను, దాని దీపం బుద్ధిగానే వెలుగుతోంది. ఛానళ్లు తొమ్మిదిసార్లు వెతికించాను. తొమ్మిదిసార్లూ అవే ఇటుకలు.

అప్పుడొచ్చాడు టక్‌వెల్. తల పైకెత్తి చూసి, "దాన్ని పక్కకు తిప్పి పెట్టవోయ్ రస్. ఇక్కడి టీవీ టవరుకి ఊచలు నిలువుగా ఉండాలి" అన్నాడు.

నేను పద్నాలుగేళ్లకే బడి మానేసి గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్లలో పెరిగినవాణ్ణి. చదువు లేదు గానీ కళ్లున్నాయి. మా ఊళ్లో ప్రతి ఇంటి మీదా ఊచలు అడ్డంగానే ఉంటాయి.

"చూశావా, నా చేత్తోనే నా యాంటెన్నా విరగ్గొట్టించాలని చూస్తున్నాడు," అన్నాను వాడు వెళ్లాక.

"తిప్పి చూస్తే పోయేదేముంది?" అంది లొరీన్.

"వాడు చెప్తే తిప్పడమేనా? రేపు కారవానే తిప్పమంటాడు."

"తిప్పు. ఈ పక్క ఎండ కొడుతోంది."

సాయంత్రం చెత్త సంచి వంకతో ఇరవై తొమ్మిది దగ్గరికి వెళ్లి చూశాను. ఏం చెప్పను! టక్‌వెల్ యాంటెన్నా పక్కకు ఒరిగిపోయి ఉంది, ఊచలు చేప ముళ్లలా ఆకాశంలోకి పొడుచుకుని. పక్కవాళ్లవీ అంతే. తెల్ల కాకటూ చిలుకలు గుంపుగా వాలి ఆ వరుసంతా ఒరగదోసి ఉంటాయి. అయినా కిటికీలోంచి చూస్తే వాడి టీవీలో బొమ్మ అద్దంలా ఉంది. వార్తలు చదివేవాడి ముక్కులో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

అప్పుడు వెలిగింది నాకు. విరిగిన యాంటెన్నాకే అంత బొమ్మ వస్తోందంటే, మహిమంతా ఆ నేలది! చెత్త డబ్బాల పక్కన ఆరేళ్లుగా ఎందుకు అంటిపెట్టుకుని ఉన్నాడనుకున్నారు మరి?

శుక్రవారం పొద్దున వాణ్ణి ఆపాను. "మెర్వ్, మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. నీళ్ల గాలి పడటం లేదు. మరుగుదొడ్డి దగ్గరైతే నయం. చోట్లు మార్చుకుందామా?"

వాడి టీ కప్పు గాల్లోనే ఆగింది. "ఈ వారానికా?"

ఈ వారానికే అంటే, సంగతి పసిగట్టి వచ్చేవారం వెనక్కి లాక్కుంటాడు. నాకు తెలియదూ? "ఎప్పటికీ. గ్లెనిస్ పుస్తకంలో రాయించేద్దాం."

"ఆలోచించుకో రస్. టీవీ కోసమైతే చెప్పా కదా, పక్కకు తిప్పితే..."

"టీవీ మాట ఎవడెత్తాడయ్యా ఇక్కడ?" అని గద్దించాను. చోటు వదులుకోలేక ఎన్ని మాటలు చెప్తున్నాడో!

గ్లెనిస్ కళ్లజోడు దించి చూసింది. "నా పుస్తకంలో కొట్టివేతలుండవు. రాస్తే రాసినట్టే."

"రాయమ్మా తల్లీ," అన్నాను. వాడికంటే ముందు సంతకం పెట్టాను.

సంగతి తెలిసి లొరీన్ చేతిలో లామింగ్టన్ కేకు కింద పెట్టింది. ఆవిడ తిండి ఆపిందంటే మాటలు కాదు.

"నా మోకాళ్లకేమైంది?"

"నొప్పి."

"ఎప్పట్నుంచి?"

"పొద్దుట్నుంచి. కాస్త కుంటు."

"ఇప్పుడు కుంటాల్సింది నేను కాదు, నువ్వు. దగ్గరికి రా చెప్తాను."

శనివారం మధ్యాహ్నానికి రెండు కారవాన్లూ లాగి అటూ ఇటూ మార్చాం. బీరు తెరిచి, కాళ్లు చాపి, టీవీ పెట్టాను.

ఇటుకలు.

నాకు క్షణంలో అర్థమైంది. వాడు పోతూ పోతూ నేలలోంచి ఏదో పీక్కుపోయాడు! మోకాళ్ల మీద కూర్చుని గడ్డంతా గోళ్లతో తవ్వాను. ఒక చెంచా, రెండు సీసా మూతలు దొరికాయి. ఇంకో జానెడు లోతుకి వెళ్లేవాణ్ణే, ఇంతలో కారవాన్‌లోంచి జనం హోరు వినిపించింది. పరిగెత్తి వెళ్లి చూస్తే బొమ్మ, నిండు బొమ్మ! ఆటగాళ్లందరికీ తలలు ఎవరివి వాళ్లకి ఉన్నాయి.

"ఎవరు బాగుచేశారు?"

చీపురు పట్టుకుని నిచ్చెన దిగుతోంది లొరీన్. "కాకటూ," అంది.

పైకి చూశాను. ఊచలు నిలువుగా ఉన్నాయి.

మా జట్టు చిత్తుగా ఓడిపోవడం ఒక్క గడ్డిపరక కూడా తప్పిపోకుండా స్పష్టంగా చూశాను. ఆట అవగానే పద్నాలుగుకి వెళ్లాను. టక్‌వెల్ సాసేజ్‌లు కాలుస్తున్నాడు.

"నీకు రెండుసార్లు చెప్పాను కదా రస్," అన్నాడు.

"నిజం చెప్పేవాడిలా మొహం పెట్టి చెప్పావు. ఎలా నమ్మమంటావ్?"

"మరి నిజానికి ఏ మొహం పెట్టాలి?"

చోటు తిరిగి నా పేర రాయమని గ్లెనిస్ దగ్గరికి వెళ్తే, ఆవిడ పుస్తకం తెరవను కూడా లేదు. "నువ్వు పోయాక మీ ఆవిడ అడిగితే చూద్దాంలే," అంది.

వెనక్కి వచ్చేసరికి లొరీన్ మడత కుర్చీ చంకన పెట్టుకుని బయలుదేరుతోంది.

"ఎక్కడికి?"

"మెర్వ్ వాళ్ళావిడ బెవ్ రమ్మంది, సరస్సు దగ్గర కూర్చుందాం అని. రోజూ రమ్మంది."

"మరి నేను?"

"నీకు టీవీ ఉందిగా."

కొలతలు గ్లెనిస్‌ని అడిగి రాసుకున్నాను, మీరూ రాసుకోండి. టక్‌వెల్ నా దగ్గర కాజేసింది నీళ్ల వెంబడి తొమ్మిది మీటర్లు, లోపలికి పదకొండు మీటర్లు. మొత్తం తొంభై తొమ్మిది చదరపు మీటర్లు.